స్పిరిట్‌ను ఒక్క లైన్‌లో తేల్చేశారు

అంగారకుడి మీద నాసా రోవర్ (చక్రాల మీద తిరిగే పరిశోధక యంత్రం) ఆపర్చునిటీ 45 కిలోమీటర్లు తిరిగిన సంగతి మీ వ్యాసంలో బాగా రాశారు. దాని జంట రోవర్ స్పిరిట్‌ను మాత్రం ఇసుకలో కూరుకుపోయిందని ఒక్క లైన్‌లో తేల్చేశారు. అసలు ముచ్చట అంతకుముందే ఉంది. 2006లో దాని ముందు కుడి చక్రం తిరగడం మానేసింది. ఇంజినీర్లు ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ బండిని రివర్స్‌లో నడిపించారు. నాగలి చాలు తీసినట్టు నేల చీలింది. 2007లో ఆ చాలులో తెల్లటి మట్టి బయటపడింది. పరీక్షిస్తే దాదాపు 90 శాతం సిలికా (ఇసుకలో, గాజులో ఉండే పదార్థం)! అంత సిలికా పోగుపడాలంటే ఒకప్పుడు అక్కడ వేడినీటి ఊటలు గానీ, ఆవిరి చిమ్మే బిలాలు గానీ ఉండి ఉండాలన్నమాట. చక్రం బాగుంటే బండి ఆ మట్టి మీదుగా దొర్లుకుంటూ పోయేది కదా. ఎర్రమట్టిలో సున్నం పోసినట్టున్న ఆ గీత ఫోటో కూడా వ్యాసంలో పెట్టండి సార్.