పాఠం కోసమైతే జిరాక్సు నేరం కాదు.. మరి పీడీఎఫ్?

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ ఓ చిన్న జిరాక్సు షాపు. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్‌లు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థ కలిసి దాని మీద ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. ఢిల్లీ యూనివర్సిటీనీ వదల్లేదు. అధ్యాపకులు సిలబస్‌లో పెట్టిన అధ్యాయాలను జిరాక్సు తీసి, కోర్సుప్యాకులుగా బైండు చేసి విద్యార్థులకు అమ్ముతున్నారన్నది వాటి అభియోగం. 2016 సెప్టెంబర్ 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ దావాను కొట్టేశారు. విద్యార్థి లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకుంటే తప్పు కానిది, యంత్రం వచ్చిందని తప్పెలా అవుతుందన్నది ఆయన తర్కం. నిజానికి ఆ తీర్పులో అందరికీ అర్థమయ్యే భాగం అదే.

అప్పీలులో అదే ఏడాది డిసెంబర్ 9న అదే హైకోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీలు) ఇచ్చిన తీర్పు మరింత కీలకం. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52(1)(ఐ) ప్రకారం బోధనలో భాగంగా టీచరుగానీ విద్యార్థిగానీ ఏ రచననైనా నకలు తీసుకోవచ్చు. ‘పది శాతం పేజీల లోపైతే పర్వాలేదు’ అని స్టాఫ్ రూముల్లో చెప్పుకునే లెక్క ఈ సెక్షన్‌లో ఎక్కడా లేదు. ఎన్ని పేజీలన్నది కాదు, ఆ పాఠానికి అవి అవసరమా కాదా అన్నదే చూడాలని బెంచ్ తేల్చింది. ఢిల్లీ కోర్సుప్యాకుల్లోని పేజీలు ఆ అవసరానికి సరిపోయేవేనా అన్న అంశాన్నీ, పుస్తకాలను పూర్తిగా జిరాక్సు తీసిన అంశాన్నీ విచారణకు వదిలింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలే దావా వెనక్కి తీసుకున్నారు. మేలో, జిరాక్సు లైసెన్సులిచ్చే రిప్రోగ్రాఫిక్ హక్కుల సంస్థ అప్పీలును సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

దీంతో గొడవ ముగిసిందని చాలామంది అనుకున్నారు. నా దృష్టిలో కాగితం గొడవ మాత్రమే ముగిసింది. ఇవాళ జిరాక్సు షాపు ముందు క్యూ కట్టేవాళ్లు తక్కువ. లైబ్రరీ స్టాంపుతో, పాత బ్యాచ్ వాళ్ల పెన్సిల్ గీతలతో, పేజీ మూల బొటనవేలి నీడతో సహా స్కాన్ చేసిన పీడీఎఫ్ గూగుల్ క్లాస్‌రూమ్‌లోకి ఎక్కుతుంది. అక్కడ పాస్‌వర్డు ఉంటుంది, ఆ సెమిస్టర్ విద్యార్థులే ఉంటారు కాబట్టి ‘బోధనలో భాగం’ అని గట్టిగా వాదించవచ్చు. సాయంత్రానికి అదే ఫైలు పాతికవేలమంది ఉన్న టెలిగ్రామ్ ఛానెల్‌లో తేలితే? అక్కడ టీచరూ లేడు, పాఠమూ లేదు. సెక్షన్ చెప్పేది నకలు తీయడం గురించి. లోకమంతటికీ అందుబాటులో పెట్టడం చట్టం దృష్టిలో వేరే హక్కు. పేద విద్యార్థి పేరు చెప్పుకున్నంత మాత్రాన ఈ తేడా చెరిగిపోదు.

విచిత్రమేమిటంటే, అలా తేలే ఫైళ్లన్నీ విదేశీ ప్రచురణకర్తలవి కావు, మన లెక్చరర్ల నోట్సూ ఉంటాయి. వాటి హక్కుదారు ఎవరు? సెక్షన్ 17(సి) ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినదానికి తొలి యజమాని ఆ ఉద్యోగమిచ్చిన సంస్థ. మరి పాఠం చెప్పడం విధి అయితే, రాత్రి ఇంట్లో కూర్చుని తయారుచేసుకున్న నోట్సు కూడా విధేనా? దీనికి జవాబు నియామక పత్రంలోనో యూనివర్సిటీ నిబంధనల్లోనో ఉండాలి. అది రాసి పెట్టని యూనివర్సిటీ, రేపు వివాదం వస్తే తన అధ్యాపకుడిని ఒంటరిగా కోర్టు మెట్లెక్కిస్తుంది. గెస్ట్ ఫ్యాకల్టీ పరిస్థితి ఇంకా అధ్వానం: నోట్సు డిపార్ట్‌మెంటు డ్రైవ్‌లో ఉండిపోతుంది, మనిషి వచ్చే ఏడాది ఉండడు.

‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ వచ్చింది కదా అనేవారున్నారు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు తెరిచిన పథకం అది. మంచిదే. కానీ బీఏ చదివే పిల్లకు కావలసింది జర్నల్ వ్యాసం కాదు, పాఠ్యపుస్తకంలో ఓ అధ్యాయం. అదీ తెలుగులో.

తెలుగు మీడియం సంగతికొస్తే చట్టం అంత కఠినంగా లేదు. సెక్షన్ 52(2) ఈ మినహాయింపులను అనువాదాలకూ వర్తింపజేస్తుంది. కాబట్టి ఇంగ్లిషు అధ్యాయాన్ని తెలుగు చేసి తన క్లాసుకు ఇచ్చే లెక్చరర్ బెదిరిపోనక్కర్లేదని నా అభిప్రాయం. పుస్తకంగా అచ్చువేస్తే మాత్రం కథ వేరు, అనుమతి కావాలి. దానికీ సెక్షన్ 32లో దారి ఉంది. విదేశీ రచన బోధనకు అవసరమైతే, వెలువడిన మూడేళ్ల తర్వాత అనువాద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అభివృద్ధి చెందిన దేశాల్లో సాధారణ వాడుకలో లేని భాషలోకైతే ఏడాది చాలు. ఆ హక్కుదారుకు న్యాయమైన రాయల్టీ కట్టాలి, ముందుగా అనుమతి అడిగి చూసి ఉండాలి. ఒక్క లెక్చరర్ మోయగలిగిన బరువు కాదది. ఉన్నత విద్యకు తెలుగు పుస్తకాలు అందించడానికే 1968లో తెలుగు అకాడమీని పెట్టారు. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ దాని వారసులున్నారు. ఏటా కొన్ని పుస్తకాలు ఎంచుకుని ఆ దరఖాస్తులు పెట్టాల్సింది వాళ్లే.