తుపాకీ ఉన్న ఇల్లంటే దొంగకి భయమా, ఆశా?

పోయిన దసరాకి ఇక్కడ అమెరికాలో మా సబ్‌డివిజన్‌లో (అంటే మా ఇళ్ల కాలనీలో) ఒకరింట్లో దొంగలు పడ్డారు. ఇంట్లోవాళ్లు బతుకమ్మ ఆడి వచ్చేసరికి వెనక తలుపు అద్దం పగిలి ఉంది, క్లాజెట్‌లో చీరల కింద దాచిన నగల డబ్బా లేదు. ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులో మొదలైంది. ముందు కెమెరాల లింకులు, తర్వాత అలారాల లింకులు, పదకొండు దాటాక షూటింగ్ రేంజ్ కూపన్లు. "అన్నా, నువ్వూ ఒకటి కొనెయ్. నాలుగిళ్లలో గన్ ఉందని తెలిస్తే ఈ వైపు ఎవడూ రాడు" అన్నాడు మా వీధిలో ఉండే ఒక తమ్ముడు. దీపావళికల్లా తను కొనేశాడు కూడా.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు, నాకూ ఉంది. 2011 నుంచి 2014 దాకా ఒక ముఠా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్‌లలో ఆసియా, భారతీయ కుటుంబాల ఇళ్లే ఏరి మరీ దోచింది, మన దగ్గర బంగారం ఉంటుందని. తుపాకీ గురిపెట్టి, మనుషుల్ని టేపుతో కట్టేసి. ముఠా నాయకురాలికి 37 ఏళ్ల జైలు పడింది.

మరి మన దగ్గరా తుపాకీ ఉంటే దొంగ ఆగుతాడా? దీనికి మా తమ్ముడు చెప్పే సాక్ష్యం మా ఇంటికి ముప్పావుగంట దూరంలోనే ఉంది. జార్జియాలోని కెన్నెసా అనే ఊరు. 1982లో ఆ ఊరివాళ్లు ప్రతి ఇంటి పెద్దా తుపాకీ ఉంచుకోవాలని చట్టమే చేశారు. అంతకుముందు ఏడాది ఇల్లినాయ్‌లో మోర్టన్ గ్రోవ్ అనే ఊరు చేతి తుపాకులు నిషేధించింది, దానికి పోటీగా అన్నమాట. ఇష్టం లేనివాళ్లు, కొనే స్తోమత లేనివాళ్లు ఉంచుకోనక్కర్లేదని అందులోనే రాసుంది, కాబట్టి అది చట్టం కన్నా బోర్డు అనుకోవచ్చు. దొంగతనాలు పడిపోయాయని అప్పట్లో పేపర్లు బాగానే రాశాయి. తర్వాత పరిశోధకులు నెలనెలా లెక్కలు తీసి చూస్తే, చట్టం వల్ల తగ్గాయని చెప్పగలిగేంత తేడా కనపడలేదు. ముందు నుంచీ అక్కడ దొంగతనాలు తక్కువే.

ఇంకా పెద్ద గొడవ జాన్ లాట్ అనే ఆర్థికవేత్తది. జనం తుపాకీ వెంట పెట్టుకు తిరగనిచ్చిన రాష్ట్రాల్లో నేరాలు తగ్గాయని 1990ల్లో లెక్కలు చూపించాడు. ప్రభుత్వానికి సలహాలిచ్చే శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2004లో వాటిని తిరగేసి తగ్గాయనీ చెప్పలేం, పెరిగాయనీ చెప్పలేం అంది. 2019లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ డొనహ్యూ బృందం, అలాంటి చట్టం వచ్చిన పదేళ్లకి హింసాత్మక నేరాలు, ఆ చట్టం రాకపోతే ఉండేవాటికంటే 13 నుంచి 15 శాతం ఎక్కువున్నాయని తేల్చింది. ఆర్థికవేత్తలు కొట్టుకుంటూనే ఉంటారు, వాళ్ల ఉద్యోగమే అది.

నాకు వీటన్నిటికన్నా నచ్చింది ఫిలిప్ కుక్, జెన్స్ లుడ్విగ్ అనే పరిశోధకులు 2003లో చూపించిన విషయం. తుపాకులు ఎక్కువున్న కౌంటీల్లో ఇళ్ల దొంగతనాలు తగ్గకపోగా కాస్త పెరిగాయి. ఒక్క నిమిషం దొంగలా ఆలోచించండి. టీవీ మోసుకెళ్లాలి, ఫోన్ తీసుకెళ్తే లాకవుతుంది, నగలు కరిగించేవాడిని వెతుక్కోవాలి, అదే తుపాకీ అయితే జేబులో పడుతుంది, ఆ రాత్రే నోట్లు చేతికొస్తాయి. పైగా ఇళ్లకి కన్నం వేసేవాడు మామూలుగా ఎవరూ లేనప్పుడు వస్తాడు. మనం గుడికి పోయినప్పుడు సొరుగులో పడున్న పిస్తోలు ఎవరిని భయపెడుతుంది? 2017 నుంచి 2021 దాకా ఐదేళ్లలో ఈ దేశంలో మామూలు జనం దగ్గర పోయాయని రిపోర్టయిన తుపాకులే 10 లక్షలు దాటాయి. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే.

మా తమ్ముడు సాకర్ ప్రాక్టీస్ దగ్గర ఒకరోజు కారు గ్లవ్ బాక్స్ తెరిచి చూపించాడు. ఇన్సూరెన్స్ కాగితాలు, రెండు కెచప్ ప్యాకెట్లు, ఒక చిన్న నల్ల పిస్తోలు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు. ఇంట్లో పెడితే వాళ్లకి దొరుకుతుందని కార్లో పెట్టాడట! సంక్రాంతి వెళ్లిన వారానికి రాత్రిపూట ఎవరో మా వీధిలో కార్ల తలుపులు వరసగా లాగి చూసుకుంటూ పోయారు. తనది లాక్ చెయ్యలేదు. లాప్‌టాప్ బ్యాగు ముట్టుకోలేదు, పిస్తోలు పట్టుకెళ్లారు. పోలీసాయన సీరియల్ నంబరు అడిగితే, ఇద్దరం గరాజ్‌లో అట్టపెట్టెలన్నీ తిరగేశాం, దొరకలేదు.

దొంగల సంగతి అలా ఉంచండి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో మన తెలుగు ఇంజనీరుని చంపినవాడు దోచుకోవడానికి రాలేదు. బార్‌లో గొడవపడి, బయటికి పంపించేస్తే తుపాకీతో తిరిగొచ్చాడు. తుపాకీ అందుబాటులో లేకపోతే అది పిడిగుద్దులతో పోయేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంట్లోనూ అంతే. కాలిఫోర్నియాలో లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించి 2022లో చెప్పారు, చేతి తుపాకీ ఉన్నవాళ్లతో కలిసి ఉండేవాళ్లు హత్యకి గురయ్యే రేటు, తుపాకీ లేని ఇళ్లవాళ్లకంటే రెట్టింపు పైనే.

కొనుక్కోవద్దని నేననను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు, పోలీసులు రావడానికి అరగంట పట్టే చోట ఒంటరిగా ఉండేవాళ్ల కష్టం వేరు. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) వాళ్లు మాత్రం జాగ్రత్త, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప మీ చేతిలో తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం, స్నేహితుడిది సరదాగా చేతిలోకి తీసుకున్నా.

మన తెలుగు అసోసియేషన్ పెద్దలకి ఒక విన్నపం. ఉగాది సంబరాల్లో ఇన్సూరెన్స్ స్టాల్, రియల్ ఎస్టేట్ స్టాళ్లు ఎలాగూ పెడతారు కదా, వాటి పక్కన ఒక చిన్న టేబుల్ వెయ్యండి. తుపాకీకి వేసే కేబుల్ తాళాలు చాలా షెరిఫ్ ఆఫీసుల్లో ఊరికే ఇస్తారు, ఒక పెట్టెడు తెచ్చి పంచుదాం, సీరియల్ నంబరు రాసుకోవడానికి ఒక కార్డు కూడా. మా తమ్ముడూ నేనూ కూర్చుంటాం, పులిహోర మా దాకా పంపిస్తే చాలు.