ఈ వారం నాకు ఒకటో తరగతిలో ఏం చెప్పారంటే

ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు నా ఫోనూ మా ఆవిడ ఫోనూ ఒకేసారి టింగుమంటాయి. ఒకటో తరగతి బి సెక్షన్ వాట్సాప్ గ్రూపు. ఈ వారం పిల్లలు ఏం నేర్చుకుంటారో, అందుకు తల్లిదండ్రులు ఏమేం కొనుక్కురావాలో టీచరమ్మ అందులో పెడతారు. ఈ వారం వచ్చినవి: 'మై ఫ్యామిలీ', తెలుగులో క నుంచి మ దాకా, లెక్కల్లో వంద నుంచి ఒకటి దాకా వెనక్కి, 'పార్ట్స్ ఆఫ్ ఎ ప్లాంట్', శుక్రవారం 'బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్'.

బడులు రూల్స్ పాటించవని కొందరు ఊరికే ఆడిపోసుకుంటారు. రెండో తరగతి దాకా పిల్లలకు హోంవర్క్ ఇవ్వొద్దని 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. మా బడి దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. పిల్లకు హోంవర్క్ లేదు, నాకుంది. ఒకటో తరగతి బ్యాగు 1.6 నుంచి 2.2 కిలోల మధ్యే ఉండాలని కూడా అందులోనే ఉంది. అదీ పాటిస్తున్నాం. చార్టులు, థర్మోకోల్, లంచ్ బ్యాగు నా భుజాన ఉంటాయి కాబట్టి అవి లెక్కలోకి రావు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అడ్మిషన్ కోసం పిల్లలనే కాదు, తల్లిదండ్రులను కూడా పరీక్షించకూడదు. అందుకే మమ్మల్ని ఎవరూ ఇంటర్వ్యూ చెయ్యలేదు. "ఊరికే మాట్లాడుకుందాం రండి" అన్నారు. ఊరికే మాట్లాడుతూ మా చదువులు, ఉద్యోగాలు, ఇంట్లో ఏ భాష మాట్లాడతామో అడిగారు. తెలుగని మా ఆవిడ నిజం చెప్పేసింది. "పర్లేదు, చిన్నపిల్లే కదా, మానిపించొచ్చు" అన్నారు.

ఇక సోమవారం. చార్టు మీద చెట్టు గీసి, కొమ్మకో ఫొటో అంటించి, కింద ఇంగ్లీషులో వరస రాయాలి. మా తమ్ముడి ఫొటో కింద అంకుల్ అని రాశాం. మా ఆవిడ అన్నయ్య ఫొటో కింద కూడా అంకులే. మా అన్నయ్యా, మా అక్క మొగుడూ కూడా అంకుల్సే.

"వీళ్లంతా ఎవరే?" అంది మా అమ్మ.

"అంకుల్స్ నాయనమ్మా."

"మరి కింద వాచ్‌మన్?"

"వాచ్‌మన్ అంకుల్."

"పిజ్జా తెచ్చేవాడు?"

"పిజ్జా అంకుల్."

మా అమ్మ కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

ఇది తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. బాబాయి కొడుకు తమ్ముడవుతాడు, మేనమామ కొడుకు బావవుతాడు. మన పెళ్లిళ్లు, అలకలు, పొలం గట్టు తగాదాలు, శుభలేఖ మీద ఎవరి పేరు పైన వెయ్యాలన్న గొడవలు అన్నీ ఆ తేడా మీదే తరతరాలుగా నిలబడ్డాయి. ఇద్దరినీ కలిపి 'కజిన్' అన్న ఒక్క డబ్బాలో పడేస్తే పిల్లకు ఒక స్టారొచ్చింది. (మేనరికాలు మంచివని నేననడం లేదు. డాక్టర్లు వద్దంటున్నారు, సరే. వద్దనడానికైనా ముందు ఎవరు ఏమవుతారో తెలియాలిగా.) మా అమ్మ ఊరుకోలేక ఒక్కో అంకుల్ పక్కన పెన్సిల్‌తో బాబాయి, మావయ్య, పెదనాన్న, మళ్లీ మావయ్య అని రాసి పంపింది. మర్నాడు డైరీలో ఎర్ర ఇంకుతో వచ్చింది: 'ఓన్లీ ఇంగ్లిష్ ప్లీజ్'.

మంగళవారం తెలుగు. ఖ, ఘ దాటాక మా పిల్ల ఙ దగ్గర ఆగిపోయింది. దీంతో ఏ మాట మొదలవుతుందని అడిగింది. ఏదీ మొదలవదు. ఞ కూడా అంతే. ఒకప్పుడు వాటికి పనుండేది, ఆ ఉద్యోగాలన్నీ సున్నా లాగేసుకుంది. ఇప్పుడు ఒకటి వాఙ్మయంలో తల దాచుకుంటోంది, రెండోది జ్ఞానంలో జ కింద ఒత్తుగా బతుకుతోంది. "పాపం, పైకి ఎప్పుడొస్తుంది నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేక హోంవర్క్ చూసుకున్నాను.

బుధవారం మొక్క. వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ, అన్నీ నిజమైనవే తెచ్చి చార్టు మీద అంటించాలి. మేముండేది ఆరో అంతస్తులో. పిల్లను వెంటబెట్టుకుని కూకట్‌పల్లి రైతుబజారుకు వెళ్లాను. వేర్లున్న కొత్తిమీర కావాలని నోరు తెరిచేలోపే ఆకుకూరలామె కట్ట తీసి పక్కన పెట్టింది. "ఒకటో తరగతేనా సార్? పొద్దుగాల సంది అందరు ఏర్లే అడుగుతున్రు. ఏర్లుంటే పదిహేను."

వంద నుంచి ఒకటి దాకా ఇంగ్లీషులో గుక్క తిప్పుకోకుండా వెనక్కి చెప్పే మా పిల్ల నా చొక్కా లాగింది. "పదిహేను అంటే ఎంత నాన్నా?"

ఆమె పిల్ల వంక చూడలేదు. నా వంక చూసింది. "ఫిఫ్టీన్ బేటా" అంది.

ఆ రాత్రి కొత్తిమీర వేరుకు తోటకూర కాడ, దానికి తమలపాకు, దానిపైన మందారం, మందారానికి ఒక పచ్చిమిరపకాయ ఫెవికాల్‌తో అతికించాను. వ్యవసాయ శాస్త్రవేత్తలు ఇన్నేళ్లుగా చేయలేని సంకరం మా డైనింగ్ టేబుల్ మీద నలభై నిమిషాల్లో అయిపోయింది. ఇదేం చెట్టని పిల్ల అడిగింది. ప్రాజెక్టు చెట్టని చెప్పాను. టీచరమ్మ దాని కింద 'నీట్ వర్క్' అని రాశారు. నా జీవితంలో నాకు దొరికిన మొదటి నీట్ వర్క్ అది. ఆఫీసులో నలుగురికి చూపించాను.

గురువారం పిల్లకు జలుబు చేసింది. నాకూ సెలవు దొరికింది.

శుక్రవారానికి చెత్తతో రైలు చెయ్యాలి. పది ఖాళీ అగ్గిపెట్టెలు పెట్టెలట, ఇంకో ఖాళీ అగ్గిపెట్టె ఇంజనట. ఇంట్లో పొయ్యికి లైటరుంది. అగ్గిపెట్టె ఉన్నది ఒక్కటే, దేవుడి గూట్లో. అపార్ట్‌మెంట్ గ్రూపులో అడిగితే అందరిదీ అదే పరిస్థితి, పైగా అందులో ముగ్గురు బి సెక్షన్ వాళ్లే. చెత్త లేని ఇంట్లో చెత్త పుట్టించాలంటే కొత్త సరుకు కొనాలి. కిరాణా కొట్లో పది అగ్గిపెట్టెలు కొని, పుల్లలన్నీ పాత హార్లిక్స్ సీసాలో పోసి, పెట్టెల్ని చెత్తగా మార్చాం. ఇంజనుకు ఒకటి తక్కువైతే దేవుడి గూట్లోది కూడా తీశాం. రంగు కాగితాలు, బటన్ చక్రాలు, గ్లిట్టర్ అన్నీ కలిపి ఈ చెత్తకు రెండొందల ముప్పై రూపాయలైంది.

రైలు బాగా వచ్చింది. ఎగ్జిబిషన్‌కి సోమవారం దాకా ఉంచుతామని బళ్లోనే అట్టిపెట్టుకున్నారు.

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు మా అమ్మ వత్తి వేసి, నూనె పోసి, గూట్లో చెయ్యి పెట్టి తడిమింది. స్టవ్ మంటతో దీపం పెట్టడానికి ఆవిడకు మనసొప్పదు. సీసా తీసి ఇచ్చాను. నాలుగొందల పుల్లలుంటాయి, గీద్దామంటే పెట్టె లేదు. ఒక పుల్ల పట్టుకుని అలాగే నిలబడి, హాల్లో బొమ్మలు వేసుకుంటున్న మనవరాలిని కేకేసింది.

"ఏమే, మీ రైలు ఇంటికెప్పుడొస్తుంది?"