గ్యాసే సర్వరోగ నివారిణి

లారీ క్యాబిన్‌లో ఏసీ పెడితే డ్రైవర్ చెడిపోతాడని మన పెద్దలు ఏనాడో తేల్చారు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులు దాటిన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అని కేంద్రం రూలు తెచ్చింది గానీ, పాత బండ్ల జోలికి పోలేదు. అంటే పాత లారీ డ్రైవర్‌కి చెమట పట్టదని అధికారికంగా ఒప్పుకున్నట్టే.

అయినా రోహిణి కార్తెలో రోళ్లు పగిలే బెజవాడ ఎండకు మనసు కరిగి కొందరు ఓనర్లు ఏసీ పని కోసం బండిని ఆటోనగర్‌కు తోలుతున్నారు. ఏసీ రోగం ఏదైనా మెకానిక్ మందు ఒకటే: "గ్యాస్ కొట్టేద్దాం అన్నా." గ్యాసేం డీజిలా ఖర్చయిపోవడానికి, తగ్గిందంటే ఎక్కడో కారినట్టు కదా అని అడిగినవాడు శాస్త్రద్రోహి. నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బు నురగ పూసి బుడగ కోసం కాచుకు కూర్చోవాలంటే ఓపిక కావాలి. పైగా లీకు మూసేస్తే వచ్చే వేసవికి ఆ ఓనరు మళ్లీ వస్తాడా?

పాత ఆర్-12 గ్యాస్‌తో నడిచే ఏసీని కొత్త 134ఏ గ్యాస్‌కి మార్చడం ఇంకా తేలిక. సిలిండర్ మారుస్తారు, అంతే. గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌లోని పాత మినరల్ ఆయిల్ కొత్త గ్యాస్‌లో కలవదు. కూలింగ్ కాయిల్‌లో మకాం వేసి కంప్రెసర్‌కి తిరిగి రాదు, కంప్రెసర్ ఎండి బిగుసుకుపోతుంది. అందుకని ఆయిల్ వంచేసి 134ఏలో కలిసే ఎస్టర్ ఆయిల్ పోయాలి, తడి పీల్చే డ్రయ్యర్ మార్చాలి, విప్పిన ప్రతి జాయింటుకీ 134ఏకి పనికొచ్చే కొత్త ఓరింగ్ (రబ్బరు చుట్టు) వేయాలి. ఇదంతా దుబారా. పాత ఓరింగుకే కాస్త గ్రీజు రాస్తే పోలా?

పైపుల్లోని గాలీ తడీ లాగేసే వ్యాక్యూమ్ పంపు షెడ్డులో ఉంటుంది, ఆయుధపూజకి బొట్టు పెడతారు. ముప్పావుగంట తిప్పి గేజ్ ముల్లు 29 అంగుళాల దగ్గర నిలిస్తే, లోపలి తడి 25 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. మే నెల ఎండ ఆ పనికి కూలి అడగని కూలీ. ఆ సాయమూ మనకొద్దు. మిగిలిన తడి, గ్యాస్ సన్నని రంధ్రంలోంచి దూరే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో గడ్డకట్టి, చిలకలూరిపేట చేరకముందే చల్లగాలి ఆగిపోతుంది. బండి పక్కకి ఆపి టీ తాగొస్తే గడ్డ కరిగి మళ్లీ వస్తుంది. నిర్ధారణ: "గ్యాస్ తక్కువైంది."

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీని తూచకుండా ఎవరూ కొనరు. గ్యాస్‌కి మాత్రం కంటిచూపే కాటా. కిలో ఆర్-12 పట్టేచోట 134ఏ 800-900 గ్రాములు చాలు. లోపలి గ్యాస్ కనిపించే గాజు కన్ను, అదే సైట్ గ్లాస్‌లో బుడగలు పోయేదాకా కొట్టడం పాత గ్యాస్ నాటి ముచ్చట. ఇప్పుడలా కొడితే ఎక్కువైపోయి కంప్రెసర్ నొక్కి పంపే వైపు, అంటే హైసైడ్ ప్రెషర్ ఎగబాకుతుంది, క్యాబిన్‌లో చల్లదనం తగ్గుతుంది. తగ్గిందా? ఇంకాస్త కొట్టు.

24 వోల్టుల లారీకి పాత కారు కంప్రెసర్ బిగించి, దాన్ని ఇంజిన్‌తో కలిపే 12 వోల్టుల క్లచ్‌కి లారీలోని రెండు 12 వోల్టుల బ్యాటరీల్లో ఒకదాన్నుంచే వైరు లాగడం మరో విద్య. ఆ బ్యాటరీ చార్జి చాలక నీరసిస్తుంది, రెండోది చార్జి ఎక్కువై ఉడికిపోతుంది. ఒక తెల్లారి సెల్ఫ్ కొట్టదు. బ్యాటరీలోకి గ్యాస్ కొట్టే నాజిల్ ఇంకా మార్కెట్లోకి రాలేదు కాబట్టి, ప్రస్తుతానికి క్లీనర్ తోస్తున్నాడు.