బోర్డు లేని మల్టీ క్యూజిన్

విశాఖ కాస్మోపాలిటన్ అయిపోయిందని ఈమధ్య ఎవరు రాసినా సిరిపురం, బీచ్ రోడ్డు కేఫ్‌ల ఫొటోలే వేస్తున్నారు. పాస్తా, వాఫుల్, చీజ్‌కేక్. ఇవన్నీ మాదాపూర్‌లోనూ దొరుకుతున్నప్పుడు వీటిని బట్టి మన ఊరి గురించి తెలిసేదేమిటో నాకర్థం కాదు. ఇక్కడ జనం కలగలిసింది పని వెతుక్కుంటూ వచ్చి. కొందరైతే వేరే దారిలేక వచ్చి.

కంచరపాలెం వైపు బర్మా క్యాంపు సంగతే చూడండి. రంగూన్‌ని ఉత్తరాంధ్రలో ‘రంగం’ అనేవారు. ఓడెక్కి రంగం వెళ్లిన కుటుంబాలు ఈ ప్రాంతంలో బోలెడు. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కి, ఆపైన దుకాణాలు జాతీయం చేసేసరికి చాలామంది కట్టుబట్టలతో వెనక్కొచ్చారు. అలా వచ్చినవాళ్ల నాలుక మీద ఉండిపోయిన వంట ఖావ్‌స్వే. కొబ్బరిపాలలో శనగపిండి కలిపి చిక్కగా కాచిన పులుసుని నూడుల్స్ మీద పోస్తారు. పైన కరకరలాడే వేయించిన ఉల్లిపాయ, ఉడికించిన గుడ్డు, చివర్లో నిమ్మకాయ. నూడుల్స్‌కి శనగపిండేమిటని వింతపడకండి. పూరీలోకి మనం చేసుకునే బొంబాయి చట్నీ కూడా శనగపిండే, దాని పేరులోనూ పరాయి ఊరే.

ఇక మల్కాపురం పక్కన సింధియా. 1941లో వాల్‌చంద్ హీరాచంద్‌కి చెందిన సింధియా కంపెనీ ఓడల కర్మాగారానికి పునాది వేసింది. అది హిందుస్థాన్ షిప్‌యార్డ్‌గా మారి డెబ్బై ఏళ్లు దాటినా స్టాపు పేరు మారలేదు. తర్వాత 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్. మలయాళీలు, బెంగాలీలు, బిహారీలు, పంజాబీలు వచ్చింది ఈ గేట్ల వెంటే. షిఫ్టు దిగినవాడికి అన్నంతో పాటు రొట్టె కూడా కావాలి కదా!

అన్నిటికంటే నాకు నచ్చేది బీచ్‌లో మురీ మిక్చర్ బండి. స్టీలు గిన్నెలో టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి పడతాయి. నిమ్మరసం పిండి, గరిటెతో టకటకా కలిపి పొట్లంలో పోస్తాడు. సీమలో బొరుగులు, విజయవాడ వైపు మరమరాలు, మన దగ్గర మురీలు. ఒడియాలో ముఢి, బెంగాలీలో మురి. ఒడిశా మనకి ఎంత దగ్గరో ఆ పొట్లమే చెబుతుంది. అయినా దాన్ని ఏ మెనూలోనూ ‘ఈస్టర్న్ స్పెషల్’ అని రాయరు, మన సొంతం అయిపోయింది కాబట్టి.

కేఫ్‌ల మీద నాకు పగేం లేదు. కడుపుమంట ఒక్కటే. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. మొన్న బీచ్ రోడ్డులో ఒకచోట కూర్చుని అరకు కాఫీ ఉందా అని అడిగాను. కుర్రాడు మెనూ అటూ ఇటూ తిప్పి, ‘హేజల్‌నట్ లాటే బావుంటుంది సార్’ అన్నాడు. లేచి, రోడ్డు దాటి మురీ బండి దగ్గరికెళ్లాను.