పూల్‌లో దిగాలన్నా అపాయింట్‌మెంటే!

ఇప్పుడే మా కమ్యూనిటీ పూల్ దగ్గర్నుంచి తిరిగొచ్చాను. ఒంటి మీద చుక్క నీరు పడలేదు. స్లాట్ బుక్ చేసుకోలేదట! లోపల ఎంతమంది ఉన్నారో తెలుసా? సున్నా. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఒడ్డున పడక కుర్చీలు బారుగా వేసున్నాయి, ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. గాగుల్స్ నుదుటి మీదకి తోసుకుని, గాలి బాతును చంకలో పెట్టుకుని మా ఆరేళ్ల పాప గేటు ఊచల్లోంచి చూస్తోంది.

"పంపాలనే ఉంది సార్, యాప్‌లో మీ పేరు లేకపోతే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు సెక్యూరిటీ అతను. అతన్నేమంటాం?

ఒకరోజు ముందు బుక్ చేసుకోవాలట. శని, ఆదివారాలు ఎప్పుడో నిండిపోయాయి, బుక్ చేసుకుని రాని మహానుభావులతో. మిగిలింది బుధవారం పగలు పదకొండు గంటలు. ఆ టైముకి ఈ కమ్యూనిటీలో ఖాళీగా ఉండేవి ఆ పడక కుర్చీలే.

ఇల్లు కొనేటప్పుడు "రిసార్ట్‌లో ఉన్నట్టే ఉంటుంది సార్" అన్నారు. అక్షరాలా నిజం. ఏదీ మనది కాదు, బిల్లు మాత్రం మనది. కాకపోతే రిసార్ట్ అయితే రెండ్రోజులకి గది ఖాళీ చేసి ఇంటికి పోవచ్చు.

ఎవరూ దిగకపోయినా పంపు తిరగాలి, మందు పడాలి, మెయింటెనెన్స్ కట్టాలి. అన్నట్టు, మొన్న గ్రూపులో ఒకాయన "పూల్ దగ్గర ఘాటు వాసన వస్తోంది, బాగా శుభ్రం చేస్తున్నట్టున్నారు" అని మురిసిపోయాడు. అది శుభ్రం వాసన కాదు స్వామీ! క్లోరిన్ చెమటతోనూ మూత్రంతోనూ కలిస్తే వచ్చే వాసన. ఎవరికో స్లాట్ దొరుకుతోందన్నమాట.

పూల్ పోతే పోయింది. చాక్‌పీసు సంగతి మాత్రం నేను చచ్చినా మర్చిపోను. పోయిన సెలవుల్లో పిల్లలు నలుగురు ఇంటి ముందు చాక్‌పీసుతో గళ్లు గీసుకుని గెంతుతూ ఆడుకున్నారు. సాయంత్రానికి నోటీసు: "కామన్ ఏరియా పాడుచేశారు", కింద ఫొటో కూడా. ఫొటోలో మా పాప రాసిన 7 అంకె తిరగబడి ఉంది. వాన పడితే పోయే గీతలయ్యా అవి! బ్రోచర్ మొదటి పేజీలో గెంతుతున్న పిల్లలెవరు మరి? అద్దెకి తెచ్చారా?

1929లో అమెరికాలోని న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే కాలనీ కట్టినప్పుడు పిల్లలు కార్లున్న రోడ్డు దాటకుండానే పార్కుకి నడిచి వెళ్లేలా దారులు వేశారు. ప్లాన్ చేసి కట్టడమంటే అదీ. మావాళ్లూ ప్లాన్ చేశారు లెండి, ఫొటో ఏ మూల నుంచి తీస్తే బాగుంటుందో. ఇళ్లింకా అన్నీ అమ్ముడవలేదు, మా అసోసియేషన్ ఇంకా బిల్డర్ చేతిలోనే ఉంది మరి. కొనడానికొచ్చేవాళ్లకి పూల్ నీలంగా, రోడ్డు నున్నగా కనిపించాలి. అందులో మనం అడ్డం.

గ్రూపులో ఇదంతా పెడితే అరగంటలో మూడు దండాల బొమ్మలు, ఒక "నిబంధనలు అందరి మంచికే అండీ" వచ్చాయి. ఆ అన్నాయన శనివారం రెండు స్లాట్లు బుక్ చేశాడు, యాప్‌లో కనిపిస్తూనే ఉంది.

పాప గాగుల్స్ తియ్యనని మొండికేసి, బాతుతో సహా బాత్రూం టబ్బులో కూర్చుంది. దానికింకా స్లాట్ పెట్టలేదు.