సరైన ఆధారం దొరికేదాకా గరిటె ముట్టరాదు

వంట నేర్చుకుంటానని ప్రకటించి ఇంకా పొయ్యి వెలిగించని తెలుగు గృహస్థు మీద ఇంటి ఆడవాళ్ళు వేసే నిందలు శుద్ధ అన్యాయమైనవి. ఆయన ఊరికే కూర్చోలేదు, సరైన ఆధారం కోసం వెతుకుతున్నాడు. మంచి వంటకు నలభీమపాకమని ఇద్దరు మగవాళ్ళ పేర్లు పెట్టుకున్న జాతిలో పుట్టి, కనబడిన వీడియో చూసి తోటకూర పప్పుతో అరంగేట్రం చేస్తే పూర్వికులకు ఎంత అప్రతిష్ఠ!

నలుడి సంగతే చూడండి. స్వయంవరం నాడు అన్నానికి రుచి తెచ్చే నేర్పును యముడు వరమిచ్చాడు. తలచిన చోట నిప్పు పుట్టేలా అగ్ని, నీరు ఊరేలా వరుణుడు అనుగ్రహించారు కనుక గ్యాస్ బుక్ చేసే పనీ, మోటారు వేసే పనీ తప్పాయి. అయినా ఆ మహానుభావుడు రాజ్యం పోయి బాహుకుడయ్యాకనే ఋతుపర్ణుడి కొలువులో వంటకు కుదిరాడు. భీముడు వలలుడై విరాటుడి వంటశాలలో చేరినది పన్నెండేళ్ళ అరణ్యవాసం ముగిశాక, అదీ ఎవరూ గుర్తుపట్టకూడదన్న అవసరం కొద్దీ. రాజ్యమూ పోక, అజ్ఞాతవాసమూ రాక, నిక్షేపంగా ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని తొందరపెట్టడం ఏ శాస్త్రానికీ సమ్మతం కాదు.

పోనీ పుస్తకం తెరుద్దామా అంటే, చారుకు "నిమ్మకాయంత చింతపండు" అని ఉంటుంది. ఏ నిమ్మకాయ? చింతపండు కొత్తదా, నిరుటిదా? కిలోకు ప్రమాణంగా 1889 నుంచి పారిస్ శివార్లలో భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మెను సైతం ఇక చాలదని 2019లో పక్కనపెట్టి ప్రపంచం ఎన్నడూ మారని భౌతికశాస్త్ర విలువ, ప్లాంక్ స్థిరాంకాన్ని ఆశ్రయించింది. మన చారు మాత్రం ఇంకా నిమ్మకాయనే నమ్ముకుని ఉంది. తరువాతి పంక్తి "తగినంత ఉప్పు". తగినంత ఎంతో తెలిసినవాడు ఆ పుస్తకం ఎందుకు కొంటాడు?

వీడియోలు మరీ ఘనమైనవి. ఉల్లిపాయలు ఎర్రగా వేగాలి అన్న మాట పూర్తికాకముందే అవి ఎర్రబడి ఉంటాయి, ఎందుకంటే మధ్యలో గడవవలసిన పావుగంటను కత్తిరించేశారు. మన మూకుడులో ఆ పావుగంట పూర్తిగా గడుస్తుంది, అంచున ముక్కలు నల్లబడతాయి, దీన్ని వేగడమంటారా మాడడమంటారా అన్న ధర్మసందేహానికి ఆ వీడియోలో జవాబు ఉండదు, చూపించే ఆవిడకు ఎన్నడూ మాడదు గనుక. కందిపప్పుకు మూడు విజిల్స్ అంటారు; మంట తగ్గించి నిమిషాలు లెక్కపెట్టమనే మాట కుక్కరుతో వచ్చే కాగితంలో ఉంటుంది గానీ, ఆ కాగితం చదివిన ఇల్లు నాకింతవరకు తారసపడలేదు.

ఇక అమ్మకు ఫోను చేయడమనే మార్గం ఒకటున్నది.

"బెండకాయ వేపుడు జిగురు జిగురుగా వస్తోందేమిటమ్మా?"

"జిగురు పోయేదాకా వేయించు నాన్నా."

"ఎంతసేపు?"

"పోయేదాకా. అవునూ, మూత పెట్టావా?"

"పెట్టాను."

"నిన్నెవరు పెట్టమన్నారురా!"

ఇందులోని ప్రమాదాన్ని పాఠకులు గుర్తించాలి. ఏ పుస్తకమూ, ఏ వీడియో మనల్ని ఎదురు ప్రశ్న వేయదు. ఈమె వేస్తుంది, తప్పు ఎక్కడుందో పట్టేస్తుంది, మర్నాడు వేపుడు పొడిపొడిగా కుదురుతుంది, ఆ పైన వేపుడు బాధ్యత శాశ్వతంగా మన మీదే పడుతుంది. పరిశోధకుడెవడూ ఇంత త్వరగా ఫలితాన్ని కోరుకోడు.

అంతకన్నా తీవ్రమైన సలహా, వండుతున్నవాళ్ళ పక్కన నాలుగు రోజులు నిలబడి చూడమనడం. నిలబడితే ముందు ఉల్లిపాయలు తరగమంటారు, ఆ వెనుక గిన్నెలు తోమమంటారు. నేను చూసిన ఇన్ని వంటల వీడియోలలో ఒక్కదానిలోనూ సింకు కనబడలేదు. పాఠ్యాంశంలో లేని విషయం మీద పరీక్ష పెడితే ఏ విద్యార్థి ఊరుకుంటాడు?